7.5 కోట్ల బేరం 14.92 కోట్లకు పాకిన వేలం: ఒక వాల్యూయర్ చదివిన ఫిస్కర్ కేసు

ఫిస్కర్ ఆటోమోటివ్ 2013 నవంబరు 22న డెలావేర్‌లోని దివాలా కోర్టు మెట్లెక్కేసరికే బేరం కుదిరిపోయి ఉంది. కంపెనీ ఆస్తినంతా హైబ్రిడ్ టెక్ హోల్డింగ్స్ అనే సంస్థకు 7.5 కోట్ల డాలర్లకు ఇచ్చెయ్యాలి. వేలం ఉండదు. ఆ 7.5 కోట్లలో నగదు నామమాత్రం. మిగతాదంతా హైబ్రిడ్‌కు ఫిస్కర్ బాకీ ఉన్న అప్పులో కొట్టివేతే. మూడు నెలలు తిరక్కుండానే అదే ఆస్తి 14.92 కోట్లకు పోయింది. ఈ మధ్యలో ఆస్తికి కొత్తగా ఒక్క బోల్టు కూడా చేరలేదు.

నేను హైదరాబాద్‌లో ప్లాంట్ అండ్ మెషినరీ వాల్యూయర్ని. దివాలా కేసుల్లో కంపెనీల షెడ్లకు వెళ్లి మిషన్లు లెక్కపెట్టి విలువ కట్టడం నా పని. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలోనే ఒక ప్రశ్న వేస్తారు: “సార్, ఫెయిర్ వాల్యూలో ఎంత శాతం తగ్గిస్తే లిక్విడేషన్ వాల్యూ వస్తుంది?” (మొదటిది మామూలు సంతలో పలికే ధర, రెండోది కంపెనీని మూసి ఆస్తిని అమ్మేస్తే వచ్చే ధర.) శాతం వెయ్యడం ఒకసారి అలవాటైతే ఇక ఎవరూ షెడ్డు లోపలికి వెళ్లరు. అలా అడిగినవాళ్లకు ఫిస్కర్ కేసు చదవమని చెబుతాను. ఇది నేను చేసిన కేసు కాదు. కోర్టు తీర్పు, అప్పటి వార్తలు ముందు పెట్టుకుని, ఆ ఆస్తుల జాబితా షీటు నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో అనుకుంటూ రాస్తున్నాను.

కంపెనీ ఎక్కడ చెడింది

హెన్రిక్ ఫిస్కర్ డెన్మార్క్‌కు చెందిన కార్ల డిజైనర్. బీఎండబ్ల్యూ జెడ్8లో, ఆస్టన్ మార్టిన్ డీబీ9లో ఆయన చెయ్యి ఉంది. 2007లో ఇంకొకరితో కలిసి కాలిఫోర్నియాలో సొంత కంపెనీ పెట్టారు. కారు పేరు కర్మా. (వెయ్యాల్సిన జోకులన్నీ ఈపాటికి అందరూ వేసేశారు, నేను వెయ్యను.) ధర లక్ష డాలర్ల పైమాటే. పెట్రోలు ఇంజనున్నా అది చక్రాల్ని తిప్పదు, జనరేటర్‌ని తిప్పుతుంది. పైకప్పంతా సోలార్ పలక. లోపలి చెక్క పనికి పడిపోయిన చెట్లూ సరస్సు అడుగున మునిగిన దుంగలూ వాడామని గొప్పగా చెప్పుకునేవారు. చూడ్డానికి మాత్రం నిజంగా అందమైన కారు.

వాల్యూయర్‌కు కావలసింది అందం కాదు, ఏది ఎవరి చేతిలో ఉందన్నది. ఇంజను జనరల్ మోటార్స్‌ది. బ్యాటరీ ఏ123 సిస్టమ్స్ అనే కంపెనీది. బండిని కూర్చేది ఫిన్లండ్‌లో ఉసికౌపుంకి అనే ఊళ్లో వాల్మెట్ కంపెనీ. ఫిస్కర్ సొంతం అనుకోదగినవి డిజైనూ బ్రాండూ అచ్చులూ, అమెరికాలో ఒక ఖాళీ ఫ్యాక్టరీ.

2009లో అమెరికా ఇంధన శాఖ 52.9 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. 19.2 కోట్లు ఇచ్చాక, 2011లో, అనుకున్న లక్ష్యాలు అందలేదని మిగతాది ఆపేసింది. 2012 వేసవికి ఉత్పత్తి ఆగిపోయింది. బ్యాటరీ లోపాలతో ఒక రీకాల్ (అమ్మిన కార్లను బాగుచెయ్యడానికి వెనక్కి పిలవడం), కూలింగ్ ఫ్యాను వల్ల మంటలని ఇంకో రీకాల్. అక్టోబరులో ఏ123 దివాలా తీసింది. అదే నెల చివర్లో శాండీ తుపాను వచ్చి, న్యూజెర్సీలోని నూఆర్క్ రేవులో నిలబెట్టిన 338 కర్మాలు ఉప్పునీళ్లలో మునిగాయి. వాటిలో 16 అక్కడే కాలిపోయాయి. 2013 మార్చిలో హెన్రిక్ ఫిస్కర్ రాజీనామా చేశారు. ఏప్రిల్‌లో ముప్పాతిక మంది ఉద్యోగుల్ని పంపించేశారు. అప్పటిదాకా తయారైనవి దాదాపు 2,450 కార్లు.

ఇక అప్పు తిరిగి రాదని అర్థమైన ఇంధన శాఖ 2013 అక్టోబరులో ఆ అప్పు పత్రాన్నే వేలం వేసింది. అప్పటికి రావలసింది 16.85 కోట్లు. హాంకాంగ్ వ్యాపారి రిచర్డ్ లీకి చెందిన హైబ్రిడ్ దాన్ని 2.5 కోట్లకు కొనుక్కుంది. ఆయన అంతకుముందే ఫిస్కర్‌లో పెట్టుబడి పెట్టిన మనిషి. అమెరికా ఖజానాకు చివరికి 13.9 కోట్లు నష్టం తేలింది. 16.85, 2.5 అనే ఈ రెండు అంకెల్నీ గుర్తుంచుకోండి, కేసంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

నా షీటు మీద అయితే

దివాలా పిటిషన్‌లో ఫిస్కర్ తన ఆస్తులు 10 నుంచి 50 కోట్ల మధ్య, అప్పులు 50 నుంచి 100 కోట్ల మధ్య అని చూపించింది. అమెరికా ఫారంలో గడులుంటాయి, ఒక గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. వార్తల్లో మాత్రం “50 కోట్ల ఆస్తులున్న కంపెనీ” అని వచ్చేస్తుంది. ఆ టిక్కు వెనక ఏ వాల్యుయేషనూ ఉండదు.

చదువుకున్న మూడు పద్ధతులూ ఇక్కడ చేతులెత్తేస్తాయి. పెట్టిన ఖర్చు లెక్కేద్దామంటే, ప్రైవేటు ఇన్వెస్టర్లు పెట్టిందే వంద కోట్ల డాలర్ల పైన. అదంతా కాలువలో పోసిన నీళ్లు. ఆదాయం లెక్కేద్దామంటే ఏడాదికి పైగా ఒక్క కారూ తయారు కాలేదు. పోలిక చూద్దామంటే, దివాలా తీసిన లగ్జరీ హైబ్రిడ్ కార్ల కంపెనీలు సంతలో దొరకవు. మిగిలింది ఒక్కొక్క వస్తువు దగ్గరికీ వెళ్లి “ఇది ఎవరికి పనికొస్తుంది?” అని అడగడమే.

ముందు ఫ్యాక్టరీ చూద్దాం. డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో, బాక్స్‌వుడ్ రోడ్ మీద జనరల్ మోటార్స్ 1940ల నుంచి నడిపిన ప్లాంటది. 2009లో మూతపడితే, జీఎం దివాలా ఆస్తుల్లోంచి ఫిస్కర్ 2 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ప్రకటించిన రోజున అప్పటి ఉపాధ్యక్షుడు, ఆ రాష్ట్రపు మనిషే అయిన జో బైడెన్ కూడా వచ్చారు. ఒక దివాలాలో కొన్నది ఇంకో దివాలాలో అమ్మకానికి రావడం మా వృత్తిలో వింతేమీ కాదు. ఫిస్కర్ చేతిలో ఉండగా ఆ ప్లాంటు నుంచి ఒక్క కారూ బయటకు రాలేదు. దాన్ని కార్ల ఫ్యాక్టరీగా చూసి విలువ కడితే ఒక అంకె, 140 ఎకరాల పైచిలుకు స్థలంగా చూస్తే ఇంకో అంకె. తర్వాతి చరిత్ర రెండోదానివైపే తీర్పు చెప్పింది. 2017లో ఒక రియల్ ఎస్టేట్ సంస్థ కొని, కట్టడాలు పడగొట్టింది. 2021 నుంచి అక్కడ నడుస్తున్నది అమెజాన్ గోదాము.

అసలు తలనొప్పి టూలింగుతో. తలుపులకూ బానెట్‌కూ డ్యాష్‌బోర్డుకూ వేర్వేరు డైలు, అచ్చులు, జిగ్‌లు ఉంటాయి. కొత్తగా చేయిస్తే కోట్లు. మోడల్ ఆగిపోతే కిలోల లెక్క. పైగా అవి సాధారణంగా సొంత షెడ్డులో ఉండవు, విడిభాగాలు చేసే వెండర్ల దగ్గర ఉంటాయి. వెండర్‌కు బాకీ పడితే “ముందు నా డబ్బు, తర్వాత నీ అచ్చు” అంటాడు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం పటాన్‌చెరు వైపు రేకును డైలతో నొక్కి భాగాలు చేసే ఒక ప్రెస్ షాపు లిక్విడేషన్‌లోకి వచ్చింది. ఆస్తుల జాబితాలో డైలన్నీ కంపెనీవే అని ఉంది. నేనూ మా కుర్రాడూ లెక్కపెట్టాం, ఫొటోలు తీశాం, బరువు అంచనా వేశాం, రిపోర్టు ఇచ్చాం. వేలం ప్రకటన పడ్డాక ఒక కస్టమర్ నుంచి లిక్విడేటర్‌కు, అంటే ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే ఆయనకు, ఉత్తరం వచ్చింది: పదకొండు డైలు మావి, మీవి కావు అని. మళ్లీ వెళ్లాను. డై పక్క ముఖం మీద గ్రీజూ తుప్పూ కలిసి మట్టిలా గట్టిపడి ఉంది. పనివాడు వైర్ బ్రష్‌తో గీకుతుంటే ఒక్కో అక్షరం బయటపడింది. పంచ్ కొట్టిన కస్టమర్ పేరు, పార్టు నంబరు, సంవత్సరం. పదకొండింటి మీదా ఉన్నాయి. ఆ లాటును వేలంలోంచి తీసెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నా సంచిలో టేపు పక్కనే వైర్ బ్రష్ కూడా ఉంటుంది.

కర్మా టూలింగుకు రెండు విలువలు ఉంటాయి. ఒకటి తుక్కు విలువ. రెండోది “లైను మీద” విలువ: ఈ అచ్చులతో మళ్లీ ఈ కారే చేద్దామనుకునేవాడు ఇచ్చే ధర. రెండోది ఉండాలంటే డ్రాయింగులు కావాలి, వెండర్లు సహకరించాలి, అన్నిటికంటే ముందు బ్యాటరీ కావాలి. 2012 దివాలాలో ఏ123ని కొన్నది వాన్‌షియాంగ్ అనే చైనా విడిభాగాల కంపెనీ. కోర్టు ఒప్పుకున్న ధర 25.66 కోట్ల డాలర్లు. 1969లో హాంగ్‌ఝౌ దగ్గర పల్లెలో వ్యవసాయ పనిముట్ల రిపేరు షెడ్డుగా మొదలైన సంస్థ అది. బ్యాటరీ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి అవే అచ్చులు వాళ్లకు ఒక ధర, ఇంకొకరికి ఇంకో ధర. వాల్యుయేషన్ భాషలో దీన్ని సినర్జీ విలువ అంటారు. మన రిపోర్టుల్లో దీని గురించి ఒక పేరా కూడా రాయం. ఎందుకంటే నిర్వచనం ప్రకారం ఫెయిర్ వాల్యూ అంటే ఎవరో ఒక మామూలు కొనుగోలుదారు ఇచ్చే ధర, ఫలానా వాడిచ్చే ధర కాదు. నిర్వచనం సరైనదే. కానీ ఆ ఫలానా వాడు ఊళ్లోనే ఉన్నాడని తెలిసి కూడా లిక్విడేటర్ చెవిన వెయ్యకపోతే మన పని సగమే అయినట్టు.

బ్యాటరీ లేకున్నా బాడీకి గిరాకీ ఉండొచ్చనడానికీ ఒక ఆధారం ఉంది. జీఎంలో పనిచేసి రిటైరైన బాబ్ లట్జ్ ఇంకొకరితో కలిసి 2013 డెట్రాయిట్ షోలో ఒక బండి పెట్టారు. కర్మా బాడీలోంచి బ్యాటరీ సరంజామా అంతా తీసేసి కార్వెట్ వీ8 ఇంజను దించారు. పర్యావరణ ప్రియులు నొచ్చుకుని ఉంటారు గానీ, వాల్యూయర్‌కు అది బంగారం లాంటి సమాచారం.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. అమ్ముడుపోని కార్లు: కంపెనీ పోయాక వారంటీ ఉండదు, కాబట్టి లక్ష డాలర్ల బండి లక్ష డాలర్లది కాదు. స్పేర్ పార్టులు: రోడ్డు మీదున్న కార్లు ఎన్నో అంతే గిరాకీ, అయినా ఆ కార్ల యజమానులకు వేరే దిక్కు లేదు. తుపానులో మునిగిన కార్ల మీద 3.3 కోట్ల బీమా క్లెయిమ్: దాని మీద బీమా కంపెనీతో దావా నడిచింది. దావాకు విలువ కట్టడం మా పని కాదు, లాయర్లకు వదిలెయ్యాలి. బ్రాండు: ఫిస్కర్ అన్నది బతికున్న మనిషి ఇంటిపేరు. దాని గురించి తర్వాత చెబుతాను.

ప్రోనోటుతో పాట పాడొచ్చా

ఇప్పుడు అసలు ఘట్టం. అమెరికా దివాలా చట్టం 363(కె) సెక్షన్ ప్రకారం తాకట్టు మీద అప్పిచ్చినవాడు, తనకు తాకట్టున్న ఆస్తి అమ్మకానికి వస్తే, నగదుకు బదులు తన బాకీనే పాటగా పాడొచ్చు. దాన్ని క్రెడిట్ బిడ్ అంటారు. “తగిన కారణం” ఉంటే కోర్టు ఆ హక్కును తగ్గించొచ్చు.

మన ఊరి లెక్కలో చెబుతాను. ఒక రైతు 1,68,500 రూపాయలకు ప్రోనోటు రాసి ట్రాక్టరు తాకట్టు పెట్టాడనుకోండి. ఇచ్చినాయన విసిగిపోయి ఆ నోటును 25,000కు పక్కూరి ఆసామికి బదలాయించాడు. ట్రాక్టరు పాటకు వచ్చింది. మిగతా పాటదారులంతా జేబులో నోట్ల కట్టలతో రావాలి. ఆసామి మాత్రం కాగితం చూపించి 1,68,500 దాకా పాడగలడు, అతనికి పడింది 25,000 మాత్రమే. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ పాటకు ఎవరొస్తారు? డీజిల్ ఖర్చు దండగ. ఎవరూ రారు కాబట్టి ఆసామి 75,000కే పట్టుకుపోతాడు.

ఫిస్కర్‌లో జరగబోయింది సరిగ్గా ఇదే. తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ల కమిటీ అడ్డుపడింది. కంపెనీ నుంచి బాకీ రావలసిన వెండర్లూ డీలర్లూ లాంటివాళ్లు ఉండేది ఈ వరసలోనే. వాన్‌షియాంగ్ నగదుతో సిద్ధంగా ఉంది, వేలం పెట్టండి అని కమిటీ వాదన. జడ్జి కెవిన్ గ్రాస్ ముందు ఫిస్కర్, కమిటీ రెండూ కొన్ని విషయాలు ఒప్పుకున్నాయి. హైబ్రిడ్ క్రెడిట్ బిడ్‌కు పరిమితి పెట్టకపోతే అసలు వేలమే జరగదు. పరిమితి పెడితే గట్టి పోటీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇది ఎవరో నిపుణుడి అంచనా కాదు, కంపెనీతో సహా ఒప్పుకుని సంతకం చేసిన వాస్తవం. నా దృష్టిలో కేసు ఆ కాగితం మీదే గెలిచారు. సెక్షన్ల చర్చ ఆ తర్వాత.

రెండో చిక్కు తాకట్టులోనే ఉంది. ఆస్తుల్లో కొన్నిటి మీద హైబ్రిడ్ తాకట్టు ఖాయం. కొన్నిటి మీద లేదు. ఇంకొన్నిటి మీద ఉందో లేదో తగాదా. మళ్లీ మన రైతు దగ్గరికి వస్తే, ట్రాక్టరు మీద తాకట్టు ఉంది, ట్రాలీ మీద లేదు, రోటవేటర్ సంగతి తేలలేదు. మూడూ కలిపి అమ్మితేనే మంచి ధర. మరి ప్రోనోటుతో ట్రాలీని కూడా ఎలా పాడతాడు?

మూడోది తొందర. నవంబరు 22న పిటిషన్ వేసి, జనవరి 3 కల్లా అమ్మకం విచారణ ముగియాలని హైబ్రిడ్ పట్టుబట్టింది. అంటే చేతిలో ఉన్నవి 24 పనిదినాలు. ఉత్పత్తి ఆగిపోయి ఏడాదిన్నర అవుతున్న కంపెనీకి నాలుగైదు వారాల్లో కరిగిపోయేదేముంటుందో చెప్పలేకపోయారు. 2014 జనవరిలో జడ్జి గ్రాస్ హైబ్రిడ్ క్రెడిట్ బిడ్‌ను 2.5 కోట్లకు కుదించారు. అంటే నోటుకు ఎంత పెట్టారో అంతే. ఆపైన పాడాలంటే నగదు తీయాల్సిందే. పై కోర్టు అప్పీలుకు అనుమతి ఇవ్వలేదు.

అమెరికా లాయర్లలో చాలామందికి ఈ తీర్పు నచ్చలేదు. అప్పును డిస్కౌంటులో కొన్నవాడికి కూడా ముఖవిలువ మీద పూర్తి హక్కు ఉండాలని, లేకపోతే మొండి బాకీలు కొనేవాళ్లే కరువవుతారని వాళ్ల వాదన. అందులో న్యాయం లేకపోలేదు. 2.5 కోట్లే ఎందుకన్నదానికి గణితం కూడా ఏమీ లేదు. నేనైతే ఆ అంకెను పెద్దగా పట్టించుకోను. పాటకు ఇంకొకరు రాగలిగేంత తలుపు తీశారు, అంతవరకే చూస్తాను.

మనవాళ్లకు ఇది కొత్త ఆలోచన కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 72 ప్రకారం డిక్రీదారు, అంటే బాకీ దావా గెలిచినవాడు, కోర్టు అనుమతి లేకుండా తన డిక్రీ వేలంలో పాడకూడదు. అనుమతి దొరికితే డిక్రీ సొమ్మును పాట సొమ్ములో సర్దుకోవచ్చు. జిల్లా కోర్టుల్లో పనిచేసే లాయర్లకు ఇది కంఠోపాఠం. బ్యాంకులు తాకట్టు ఆస్తి అమ్మి బాకీ వసూలు చేసుకునే సర్ఫేసీ చట్టంలోనూ, స్థిరాస్తి వేలంలో రిజర్వ్ ధరకు (ముందే పెట్టిన కనీస ధరకు) తగిన పాట రాక వాయిదా పడితే, తర్వాతి వేలంలో బ్యాంకే పాడే వీలు కల్పించారు. ముందు బయటివాళ్లకు అవకాశం, ఆ తర్వాతే అప్పిచ్చినవాడు. వందేళ్లనాటి రూలు వెనకా ఫిస్కర్ తీర్పు వెనకా ఉన్నది ఒకటే అనుమానం: అప్పిచ్చినవాడే పాటకు దిగితే మిగతావాళ్లు రారు, ఆస్తి చవగ్గా పోతుంది.

పందొమ్మిది రౌండ్లు

ఫిబ్రవరి మధ్యలో వేలం జరిగింది. గదిలో హైబ్రిడ్, వాన్‌షియాంగ్. 19 రౌండ్లు నడిచింది. మన ఈ-వేలంలా చివరి అయిదు నిమిషాల్లో మౌస్ నొక్కితే గడువు ఇంకో అయిదు నిమిషాలు జరిగే రకం కాదు. ప్రతి రౌండుకీ లాయర్లూ బ్యాంకర్లూ పక్క గదుల్లోకి వెళ్లి, ఎదుటివాడి పాటలో నగదెంత, వాగ్దానమెంత అని విడదీసి చూసుకునే తరహా. ఇలాంటి పాట గంటల్లో తెమలదు.

చివరికి వాన్‌షియాంగ్ 14.92 కోట్లతో గెలిచింది. ఫిబ్రవరి 18న కోర్టు ఆమోదించింది. ఇక్కడ నా వృత్తి చాదస్తం ఒకటి. 14.92 కోట్లన్నది హెడ్‌లైన్ అంకె. అందులో నగదు 12.62 కోట్లు. తమ నెత్తిన వేసుకున్న బాకీలు 80 లక్షలు. మిగతాది వాటాల రూపంలో. స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీ వాటా ఇస్తే దాని విలువ ఎంతన్నది ఇంకో వాల్యుయేషన్. ఎవరైనా “14.92 వచ్చింది” అంటే నేను 12.62తోనే మొదలుపెడతాను. ఆ లెక్కన చూసినా పేపరు మీద 7.5 అనుకున్న చోట నగదే 12.62 వచ్చింది.

ఇంకోటి. ఈ ధర వాన్‌షియాంగ్ ఒక్కటే ఇచ్చింది కాదు. అవతల హైబ్రిడ్ 19 రౌండ్లూ వదలకుండా పాడింది కాబట్టే ఇచ్చింది. ప్రత్యేక కొనుగోలుదారు ఒక్కడే ఉంటే మామూలు ధర మీద ఒక రూపాయి వేసి పట్టుకుపోతాడు. సినర్జీ విలువలో వాటా అమ్మేవాడికి చేరాలంటే అదే కారు కావాలనుకునే రెండోవాడు ఉండాలి. ఫిస్కర్ విషయంలో ఇద్దరూ దొరకడం అదృష్టం. అందుకే ఈ కేసు చూపించి “వేలం పెడితే ధర రెట్టింపవుతుంది” అనడం తప్పు. పాట పెట్టి కుర్చీలు ఖాళీగా చూసిన రోజులు నాకు బోలెడు.

అమ్మకం అయ్యాక పాత కంపెనీ పేరు ఎఫ్ఏహెచ్ లిక్విడేటింగ్‌గా మారింది. వచ్చిన డబ్బు వరసలో పంచి మూసెయ్యడమే దానికి మిగిలిన పని. వాన్‌షియాంగ్ కొత్త కంపెనీకి కర్మా ఆటోమోటివ్ అని పేరు పెట్టి, 2016లో రెవేరో పేరుతో దాదాపు అదే కారును మార్కెట్‌లోకి తెచ్చింది. అంటే అచ్చులు తుక్కులోకి పోలేదు. నేను పైన చెప్పిన “లైను మీద” విలువే నిలబడింది. ఫిస్కర్ అన్న పేరు మాత్రం హెన్రిక్ దగ్గరే ఉండిపోయింది. అదే ఏడాది ఆయన ఆ పేరుతోనే ఇంకో కంపెనీ పెట్టారు.

రెండో ఫిస్కర్, హైదరాబాద్ లింకు

ఫిస్కర్ ఇన్‌కార్పొరేటెడ్ ఓషన్ అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తెచ్చింది. తయారీ ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో, కాంట్రాక్టు మీద బండ్లు చేసిచ్చే మాగ్నా కంపెనీ దగ్గర. 2022లో మన హైదరాబాద్‌లో ఫిస్కర్ విజ్ఞాన్ పేరుతో ఇంజనీరింగ్ కేంద్రం కూడా తెరిచారు. బండి నడిచేదే సాఫ్ట్‌వేర్ మీద కాబట్టి ఇంజనీర్లు ఇక్కడ దొరుకుతారన్నది సహజమైన లెక్క. 2024 జూన్‌లో ఆ కంపెనీ కూడా అదే డెలావేర్ కోర్టుకు చేరింది.

ఈసారి కథ వేరు. ప్రధాన ఆస్తి తయారై నిలబడిపోయిన 3,321 ఓషన్ కార్లు. న్యూయార్క్‌లో ట్యాక్సీ డ్రైవర్లకు బండ్లు లీజుకిచ్చే అమెరికన్ లీజ్ అనే సంస్థ మొత్తం లాటును 4.625 కోట్ల డాలర్లకు మాట్లాడుకుంది. సగటున బండికి 14,000 కూడా పడలేదు. కొత్త బండ్లు, నలభై వేల నుంచి డెబ్బై వేల దాకా రేటు పెట్టినవి! లెక్క చూసి నేనూ ఆశ్చర్యపోయాను. కానీ తాళంచెవితో స్టార్టయ్యే పాత అంబాసిడర్ కాదు కదా ఇది. అక్టోబరుకల్లా అమెరికన్ లీజ్ కోర్టుకు వచ్చి మొర పెట్టుకుంది: కార్ల సమాచారమంతా ఫిస్కర్ క్లౌడ్ సర్వర్లలో ఉంది, దాన్ని వేరే సర్వరుకు మార్చడం కుదరదని ఇప్పుడు చెబుతున్నారు అని. లాటులో సగానికి పైగా డబ్బు కట్టేశాక తెలిసిన సంగతి ఇది. చివరికి సాఫ్ట్‌వేర్ కోసం అదనంగా ఇంకొంత చెల్లించే ఒప్పందంతో సర్దుకున్నారు.

2013లో అడగాల్సింది “బ్యాటరీ ఎవరి దగ్గరుంది?” 2024లో “సర్వరు ఎవరి దగ్గరుంది?” రెండూ జాబితాలో ఏ వరసలోనూ కనపడవు. మన దగ్గర ఇద్దరు వాల్యూయర్ల లిక్విడేషన్ వాల్యూల మధ్య 25 శాతం తేడా వస్తే మూడో వాల్యూయర్‌ను పెట్టుకునే వీలుంది. ఆ తేడా ఎక్కువసార్లు మిషన్ దగ్గర రాదు, ఇలాంటి కనపడని వస్తువు దగ్గర వస్తుంది. నా ఇన్‌స్పెక్షన్ ఫారంలో తయారీ సంవత్సరం, స్థితి అనే గడుల పక్కన ఇప్పుడు ఇంకో గడి చేర్చాను: ఇది నడవడానికి బయటివాళ్లది ఏం కావాలి?

ఈమధ్య ఒక టూల్ రూమ్‌కు వెళ్లాం. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు నాలుగు, మూడు బాగానే స్టార్టయ్యాయి. నాలుగోది, అన్నిటికంటే ఖరీదైనది, స్క్రీను వెలిగి లైసెన్సు అడిగి ఆగిపోయింది. వాచ్‌మన్‌ను అడిగితే, “దానికి పెన్ డ్రైవ్ లాంటిదొకటి ఉండేది సార్, పాత ప్రోగ్రామర్ గారు మానేసేటప్పుడు జేబులో వేసుకెళ్లినట్టున్నారు” అన్నాడు. ఆ మనిషి ఫోను కలవలేదు. రిపోర్టులో ఆ మిషన్‌కు రెండు విలువలు రాశాను. ఆ పెన్ డ్రైవ్ లాంటిది, అదే లైసెన్సు డాంగిల్, దొరికితే ఒకటి, దొరక్కపోతే ఒకటి. లిక్విడేటర్ ఫోన్ చేసి “ఏదో ఒకటే ఇవ్వండి సార్, కోర్టుకు పెట్టాలి” అంటున్నారు. ముందు ప్రోగ్రామర్‌ను పట్టుకోండి అన్నాను.